పావు చుట్టు

గోపాలకృష్ణయ్య బుల్లెట్ బండి చప్పుడు సందు మలుపులో వినపడగానే ప్రసన్నలక్ష్మి ఇనుము చెక్కే లేతు ముందున్న చెక్కపీట మీద నుంచి కిందికి దిగింది. దిగుతూనే స్విచ్చి నొక్కి మిషను ఆపింది. కొంగుతో చేతి జిడ్డు తుడుచుకుని, మూలన ముక్కల్ని బిగించే బెంచి వైసు దగ్గరకు పోయి ఆకురాయి అందుకుంది. ఇదంతా ఆయన బండికి స్టాండు వేసేంతసేపు. ఆ లోపలే వెనక వసారాలో టీ తాగుతున్న వీరాంజనేయులు గ్లాసు గట్టు మీద పెట్టి వచ్చి, భార్య దిగిన పీట ఎక్కాడు. ఒకరికొకరు చెప్పుకునేదేమీ లేదు. పనిచ్చేవాళ్లు వచ్చినప్పుడల్లా పన్నెండేళ్లుగా అలా జరిగిపోతూనే ఉంది.

గోపాలకృష్ణయ్యకు పిడుగురాళ్ల శివార్లో మూడు సున్నపు బట్టీలున్నాయి. చెప్పులకీ చొక్కా మడతలకీ కూడా సున్నమే. వస్తూనే గోడకు ఆనించి ఉన్న తన బట్టీ తాలూకు ఇనప షాఫ్టును ఎత్తి, దాని మీద కోసిన గాడిలో బొటనవేలి గోరు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు లాగాడు. గోరు ఎక్కడా తట్టుకోలేదు.

"ఏం చెయ్యిరా ఆంజనేయులూ నీది! గాడి కోశావా, పోత పోశావా?"

వీరాంజనేయులు నవ్వి తల గోక్కున్నాడు. "ఏదో మీ దయండీ."

ఆ గాడి కొయ్యడానికి ప్రసన్నలక్ష్మికి ఒక పగలంతా పట్టింది. లేతు గుండ్రని పని చేస్తుంది గానీ గాడి కొయ్యదు. ముందు ఉలితో తొలిచి, ఆ పైన ఆకురాయితో గీతకు గీత సరిపోయేదాకా రుద్దాలి. కుడి అరచేతిలో చూపుడువేలి కింద కాయ కాసి, అది పగిలి, మళ్లీ కాయ కాసింది. ఆమె తల ఎత్తకుండా ఇంకో ముక్కను రుద్దుతూనే ఉంది.

"అమ్మాయ్, కాసిని మంచినీళ్లు తెచ్చిపెట్టు," అన్నాడు గోపాలకృష్ణయ్య.

ఆమె ఆకురాయి పక్కన పెట్టి లోపలికి పోయింది. చెంబుతో తిరిగొచ్చేసరికి ఆయన చెప్పేదంతా చెప్పేశాడు. కొత్తగా ఇంకో బట్టీ పెడుతున్నాడు. నెలకు పదీ పదిహేను షాఫ్టులు పడతాయి. "చేత్తో రుద్దుకుంటా కూచుంటే నాకు కుదరదురా. గాడి కోసే మిల్లింగ్ మిషను పెట్టు. లేదంటే పనంతా గుంటూరు పంపించుకుంటా, ఆ పైన నన్ననుకోబాకు."

"పెడతన్నామండీ. ఆమె సంఘం లోను చేతికొచ్చింది. ఈ వారంలోనే నర్సరావుపేట పోయి చూసొస్తాం."

ఆమె సంఘం, ఆమె లోను. ఆ మాట వరకు నిజమే. పొదుపు సంఘంలో ఎనిమిదేళ్లుగా ఒక్క వాయిదా తప్పనిది ప్రసన్నలక్ష్మి. ఆయన వెళ్లిపోయాక ఆమె లోపలికి పోయి బియ్యం డబ్బా మూత కింద దాచిన పాత క్యాలెండరు కాయితం తీసింది. వెనకవైపు పెన్సిలుతో రాసుకున్న అంకెలున్నాయి. షెడ్డు తలుపు వెడల్పు, పురికొసతో కొలిచింది. తమ దగ్గరకొచ్చే షాఫ్టుల్లో అన్నిటికన్నా పొడుగుదెంత, దానికి మిషను బల్ల ఎంత దూరం జరగాలి, ఇంటి కరెంటుకు నడిచే మోటారు ఎంతది. మూడు నెలలు, వంటయ్యాక ఫోను పప్పు డబ్బాకు ఆనించుకుని మిల్లింగ్ వీడియోలు చూసి ఒక్కొక్కటే రాసుకుంది. హిందీ వీడియోల్లో మాట అర్థమయ్యేది కాదు. చేతులు అర్థమయ్యేవి.

"ఇదుగో, ఈ కాయితం నీ దగ్గరుంచు," అంది మొగుడితో.

వీరాంజనేయులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నువ్వూ వస్తన్నావుగా. నీ దగ్గరే ఉండనీ."

ఆ మాటకే ఆమెకు సంతోషమైంది. ఆ పూట పచ్చడితో సరిపెట్టకుండా గుత్తొంకాయ చేసింది.

మర్నాడు పొద్దున బావగారు కోటిలింగం వచ్చాడు, వెంట కొడుకు వంశీ. కోటిలింగానికి రెండు లారీలు, పార్టీ ఆఫీసులో ఒక కుర్చీ. సంఘం లోను త్వరగా రావడానికి తానే ఎవరికో ఫోను కొట్టానని ఇప్పటికి పదిమందికి చెప్పాడు. వంశీ పాలిటెక్నిక్ చదివి ఏడాదిన్నరగా మాచర్లలో స్నేహితుల గదికీ ఇంటికీ మధ్య తిరుగుతున్నాడు.

మడతమంచం మీద కూర్చుంటూనే కోటిలింగం విషయం తేల్చేశాడు. "ఒరేయ్ ఆంజనేయులూ, మిషను వస్తే తోలేదెవరు? నువ్వు లేతు వదిలి రాలేవు. మనోడున్నాడు, డిప్లమా పాసయ్యాడు. వంశీ కూర్చుంటాడు దాని మీద."

ప్రసన్నలక్ష్మి టీ గ్లాసులు పెట్టిన పళ్లెంతో గడపలో నిలబడిపోయింది.

"నేను చేద్దామనుకుంటన్నా బావగారూ," అంది.

కోటిలింగం నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, ముద్దుచేసే నవ్వు. అదే ఆమెకు ఎక్కువ కాలింది. "నువ్వు చాలినంత చేశావు అమ్మాయ్. ఆ చేతులు చూసుకో, రాళ్లు కొట్టేవాళ్లకన్నా హీనంగా ఉన్నాయి. ఇంక ఆకురాయి పీడ వదిలింది. హాయిగా ఇంటిపట్టున ఉండి వండిపెట్టు, మీ వంశీ చేసుకుంటాడు."

"అవును పిన్నీ, నువ్వు రెస్టు తీసుకో," అన్నాడు వంశీ ఫోనులోంచి తల ఎత్తకుండా.

ఆమె మొగుడి వంక చూసింది. వీరాంజనేయులు గ్లాసులో పడ్డ టీపొడి నలుసును వేలితో తీస్తున్నాడు. చాలాసేపు తీశాడు. ఆ నలుసు ఎంత పెద్దదో మరి.

వాళ్లు వెళ్లిపోయాక ఆమె వైసు దగ్గర కూర్చుంది. బిగించిన ముక్క ఉంది, ఆకురాయి ఉంది. రుద్దడానికి చెయ్యి రాలేదు. ఇన్నాళ్లూ ఆ షెడ్డులో తన చోటు ఏదని ఎవరైనా అడిగితే చెప్పగలిగేది కాదు గానీ, గాడి కొయ్యాల్సి ఉన్నంతకాలం ఆ మూల మాత్రం తనది. మిల్లింగ్ మిషను వచ్చిన రోజు నుంచి చేతి గాడి ఉండదు. ఆ మిషను మీద వంశీ ఉంటాడు. ఇంక తను షెడ్డులోకి వచ్చేది టీ గ్లాసుతోనే. ఈ సంగతి ఆమెకు లెక్క కట్టినట్టు ఒక్కసారే తెలిసింది.

శుక్రవారం మంచిదన్నారని శుక్రవారం బయల్దేరారు. కోటిలింగం కారు. ముందు తండ్రీ కొడుకులు, వెనక మొగుడూ పెళ్లాలు. ఆమె ఒళ్లో సంచి, సంచిలో ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, క్యాలెండరు కాయితం. నర్సరావుపేట దాకా కోటిలింగం ఎలక్షన్ల గురించే మాట్లాడాడు.

అమ్జద్ షాపు పొడుగ్గా సొరంగంలా ఉంది. రేకుల కింద గ్రీజు వాసన. అమ్జద్ నడివయసువాడు, కళ్లద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. సంఘం లోను అనగానే ముందు ఆమెకు కుర్చీ వేశాడు. "మీ పేరు మీదేనా అమ్మా? అయితే మీరే చూడాలి."

ఆమె కూర్చోలేదు. కాయితం తీసి ఇచ్చింది. అమ్జద్ కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు, రెండోసారి చదివాడు. "ఎవరు రాశారమ్మా ఇది?"

"నేనే."

అతను కాయితం పట్టుకునే లోపలికి దారి తీశాడు. "మీరు రాసిన కొలతలకు నా దగ్గర రెండున్నాయి. రేటు కూడా అటూ ఇటూగా ఒకటే."

ఒకటి కొత్తది. చిన్నది, బూడిద రంగు, బల్ల పక్కన పచ్చ అంకెలు వెలిగే డిస్‌ప్లే. రెండోది ఎక్కడో మూతపడిన ఫ్యాక్టరీలోంచి వచ్చింది. అమ్జద్ విప్పి, కడిగి, ఆకుపచ్చ రంగు వేయించాడు. ఎత్తు కొత్తదానికన్నా జానెడే ఎక్కువ గానీ ఒళ్లు దున్నపోతంత ఉంది.

ప్రసన్నలక్ష్మి ముందు కొత్తదాని చక్రం పట్టుకుంది. వేలితో ఇలా అంటే బల్ల అంతే జరిగింది. వెనక్కి అంటే వెంటనే వెనక్కి వచ్చింది. మధ్యలో ఖాళీ లేదు. చెప్పిన మాట చెప్పిన క్షణాన వినే మిషను. మూడు నెలలు ఆమె ఫోనులో చూసింది దీన్నే. కాయితంలో రాసిన ప్రతి అంకె దీనిదే. ఆమె చక్రాన్ని ఇంకోసారి తిప్పబోయింది.

"జరుగు పిన్నీ," అంటూ వంశీ వచ్చాడు.

అమ్జద్ ఒక ఇనప ముక్క బిగించి ఇచ్చాడు. వంశీ డిస్‌ప్లే మీద అంకెలు సున్నా చేసి, చక్రం తిప్పుతూ అంకెల వంకే చూశాడు. ఇనుము వంక ఒక్కసారీ చూడలేదు. పది నిమిషాల్లో గాడి పడింది. తిన్నగా, అంచులు పదునుగా. ఆమె రోజంతా రుద్దితే వచ్చే గాడి.

"చూశావా నాన్నా! ఇది చిన్నపిల్లలు కూడా చేస్తారు." ముక్కను పక్కన పెట్టుకుని ఫొటో తీసుకున్నాడు.

ప్రసన్నలక్ష్మి ఆ గాడిలో గోరు పెట్టి లాగింది. తట్టుకోలేదు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఈలోగా కోటిలింగం ఆకుపచ్చ మిషను చుట్టూ తిరుగుతున్నాడు. వేలి కణుపులతో కొట్టి చూశాడు. "ఇది ఎంత బరువుంటది భాయ్?"

"నాలుగు క్వింటాళ్ల పైమాటే. ఆ కొత్తది దీంట్లో మూడో వంతు కూడా ఉండదు."

"అట్టా చెప్పు! బరువుంటేనే మిషను. రేపు అమ్మాల్సొచ్చినా తూకానికి పోద్ది. ఆ బొమ్మ లాంటిది రేపు దులిపితే ఎగిరిపోద్ది."

"నాన్నా, దీనికి డిస్‌ప్లే లేదు," అన్నాడు వంశీ.

"నువ్వాగరా. డిస్‌ప్లే కావాలంటే టీవీ కొనిపెడతా."

అమ్జద్ గొంతు సవరించుకున్నాడు. "నేను దాచిపెట్టి అమ్మను సార్. పాతదాని లోపల స్క్రూ అరిగింది. ప్లే ఉంది. పని తెలిసినోళ్లయితే నడుపుకుంటారు, కొత్తోళ్లకు కష్టం."

"ప్లే అంటే?"

"ఆట. చక్రం కొంచెం తిరిగినా బల్ల కదలదు."

కోటిలింగం గట్టిగా నవ్వాడు. "ఆట లేని బండి ఏదయ్యా? నా లారీ స్టీరింగ్ చూడు, అరచేతి వెడల్పు ఆట. ఇరవై ఏళ్లు హైవే మీద తోలలా? ఒరేయ్ ఆంజనేయులూ, నువ్వు చూసి చెప్పు."

వీరాంజనేయులు చక్రం పట్టుకుని ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు. బొటనవేలు ఒకచోట ఆగింది. అక్కడే కాస్త ఆడించి చూశాడు. ఆ వేలినే చూస్తోంది ప్రసన్నలక్ష్మి. అతను తల ఎత్తాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. అతనే ముందు తిప్పుకున్నాడు.

"నీ ఇష్టం అన్నయ్యా," అన్నాడు.

ఆమె వెళ్లి తనూ ఆ చక్రం పట్టుకుంది. పావు చుట్టు. అంత మేరా చక్రం గాల్లో తిరుగుతుంది, బల్ల ఉలకదు. ఆ తర్వాత ఉలిక్కిపడ్డట్టు కదులుతుంది. ఇంట్లో లేతుకు కూడా ఇలాంటి అరిగిన చక్రం ఒకటుంది, దీనంత కాదు గానీ. అంకె చూసి తిప్పితే మోసపోతారు. గీత దాటిందా, చుట్టు మొత్తం వెనక్కి పోయి మళ్లీ అదే వైపు నుంచి రావాలి, వచ్చిన ప్రతిసారీ. గాడి కోసే కట్టరు తిరిగే వైపుకే బల్లను తోశారా, ఆ ఖాళీ ఉన్నంత మేరా బల్ల గబుక్కున దూకి కట్టరును విరగ్గొడుతుంది. కట్టరు దూకడం వీడియోల్లో చూసింది. చక్రం సంగతి మాత్రం ఎవరూ చెప్పగా ఆమెకు రాలేదు. లేతు మీద పాడుచేసిన ఇనుమే నేర్పింది. ఇందులో తెలివి కన్నా ఓపిక ఎక్కువ. ఆమె వంశీ వంక చూసింది. అతను ఇందాక తీసిన ఫొటో ఎవరికో పంపుతున్నాడు.

తండ్రి బరువుదంటాడు, కొడుకు కొత్తదంటాడు. ఇద్దరూ గొంతులు పెంచారు. చివరకు కోటిలింగం విసుగ్గా చెయ్యి విదిలించాడు. "సరే, లోను పేరు గలామె ఉందిగా! నువ్వు చెప్పు అమ్మాయ్. ఏది?"

పెళ్లయ్యాక ఆ ఇంటివాళ్లు ఆమెను ఏదైనా అడగడం ఇదే మొదలు. ఆమె చెయ్యి సంచిలోకి పోబోయి ఆగింది. కాయితం అమ్జద్ చేతిలోనే ఉంది.

"పెద్దదే తీసుకుందాం బావగారూ," అంది. "బరువుంది."

"అదీ! ఇంటి ఇల్లాలంటే ఇట్టా ఉండాల." కోటిలింగం కొడుకు వీపు మీద చరిచాడు.

సంతకాల దగ్గర మగవాళ్లు ట్రాలీ మాట్లాడటానికి బయటికి పోయారు. అమ్జద్ కాయితం మడిచి ఆమెకు తిరిగిచ్చాడు.

"హ్యాండిల్ పట్టుకుంటే మీకు తెలిసింది గదమ్మా."

"తెలిసింది భాయ్."

"మరి మీరు రాసుకొచ్చిందంతా ఆ కొత్తదేగా?"

ఆమె సంతకం పెట్టింది. తెలుగులో, పూర్తి పేరు. "రాసుకున్నప్పుడు సంగతి వేరు," అంది.

తిరుగు ప్రయాణంలో వీరాంజనేయులు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె మాత్రం దారంతా అతని బొటనవేలిని గురించే ఆలోచించింది. ఆ వేలికి తెలియకుండా ఉండదు. ఇరవై ఏళ్లుగా లేతు పని చేసే టర్నరు. తెలిసీ అన్నయ్యకు చెప్పలేదు, కొడుకు లాంటి వంశీకీ చెప్పలేదు. తన కళ్లలోకి చూసి నోరు మూసుకున్నాడు. తను ఆ అరిగినదాన్నే ఎందుకు కోరబోతోందో తెలిసే ఊరుకున్నాడన్నమాట. ఈ మనిషి మాటతో ఎన్నడూ పక్కన నిలబడలేదు. మౌనంతో నిలబడ్డాడు. నిలబడటం వచ్చిన దారిలోనే గదా మనిషి నిలబడేది అనుకుంది. కాయితంలో రాసుకున్న మిషను పోయిందన్న బాధ ఆ ఆలోచనతో సగం తగ్గింది.

సోమవారం మిషను దిగింది. ఎనిమిది మంది పట్టి షెడ్డులోకి నెట్టారు. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. కోటిలింగం కొబ్బరికాయ కొట్టి కొడుకు చేత స్విచ్చి వేయించాడు. పేరు గలామె ప్రసాదం పంచింది.

మొదటిరోజే వంశీ గాడి వంకర కోశాడు. రెండోరోజు గాడి ఒక చివర వెడల్పు, ఇంకో చివర ఇరుకు. "వెనక్కి పోయి మళ్లీ రారా, ఒకే వైపు నుంచి," అని వీరాంజనేయులు లేతు మీద నుంచి కేకేశాడు. వంశీ ఒకసారి పోయి వచ్చాడు, రెండోసారి పోయి వచ్చాడు, మూడోసారి ఫోను మోగితే మర్చిపోయాడు. బల్ల ఒక్క దూకు దూకింది. కట్టరు ఠప్పున విరిగి ముక్క గోడకు తగిలింది. మూడోరోజు ఇంకో కట్టరు విరిగింది, గోపాలకృష్ణయ్య షాఫ్టు ఒకటి పాడైంది. నాలుగోరోజు వంశీ పదకొండింటికి వచ్చి, పన్నెండింటికి లేచి, "డిస్‌ప్లే లేకుండా ఈ పాత డొక్కు నావల్ల కాదు బాబాయ్. మాచర్లలో ఫ్రెండు ఫైనాన్స్ ఆఫీసు పెడతన్నాడు," అని వెళ్లిపోయాడు. కోటిలింగం ఫోను చేసి నాలుగు తిట్టాడు, కొడుకును కాదు, అమ్జద్‌ను.

ఆ నాలుగు రోజులూ ప్రసన్నలక్ష్మి షెడ్డులోకి టీతోనే వచ్చింది, గ్లాసులతోనే పోయింది. మొగుడికి మాత్రం అల్లం దంచి వేసిన టీ విడిగా ఇచ్చింది. చొక్కాకు ఊడిన గుండీ కుట్టింది. అన్నంలోకి నెయ్యి అడక్కుండానే వేసింది. అతను ఇదేమిటన్నట్టు చూసి తిన్నాడు.

ఐదోరోజు పొద్దున ఆమె చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, మొగుడి పాత చొక్కా పైన వేసుకుని మిల్లింగ్ మిషను ముందుకు వచ్చింది. వీరాంజనేయులు లేతు మీద నుంచి ఒకసారి చూసి తన పనిలో పడ్డాడు. షాఫ్టు బిగించింది. ముందు సుద్దముక్కతో గీత గీసుకుంది. చక్రాన్ని చుట్టు మొత్తం వెనక్కి తిప్పింది, ముందుకు వచ్చింది. చేతికి బల్ల బరువు తగిలేదాకా ఆగింది, అప్పుడు కట్టరును ఇనుములోకి దించింది. కోత చప్పుడు ఒకే తీరుగా సాగింది. చప్పుడు మారబోయే ముందే ఆమె చెయ్యి నెమ్మదించేది. కొత్తదైతే పది నిమిషాల పని, దీని మీద గంటన్నర పట్టింది. గాడి తిన్నగా పడింది.

రెండో గాడి సగంలో ఉండగా వీరాంజనేయులు ఫోను మోగింది. చేతులు జిడ్డుగా ఉండి స్పీకరు నొక్కాడు.

"ఏందిరా, నీ మిషనేదో షాఫ్టులు తింటందంటగా?" గోపాలకృష్ణయ్య గొంతు.

"లేదండీ, అంతా సర్దుకుంది. ఇప్పుడు చక్కగా పడతన్నాయి."

"ఎవరు కోస్తంది? ఆ కుర్రాడేనా?"

"అబ్బే, వాడు కాదండీ." వీరాంజనేయులు ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె చేతికింద చక్రం ఆడుతూనే ఉంది. "నేనే చేస్తన్నా. మీ పని ఇంకో చేతికి ఇస్తానా?"

ఫోను పెట్టేశాడు. ఆమె చక్రం వదలలేదు. వదిలితే బల్ల దూకుతుంది. కోత చివరిదాకా పోయాక కట్టరును పైకెత్తి, మోటారు ఆపింది.

"ఒక మాటడుగుతా," అంది. "షాపులో ఆ రోజు నువ్వూ చక్రం తిప్పి చూశావుగా."

"చూశా."

"పావు చుట్టు ఖాళీ తెలిసిందిగా."

"తెలవకేంది? చేతికి తెలవదా?"

"మరి ఎందుకు చెప్పలా?"

ఆమె గొంతు మెత్తగానే ఉంది. అతను ఏం చెప్పాలో తనే మనసులో సిద్ధం చేసిపెట్టి, చెప్పడానికి అతనికి దారి వదిలింది.

వీరాంజనేయులు బనీను అంచుతో ముఖం తుడుచుకున్నాడు. "అన్నయ్య బరువుదే కావాలని కూర్చుంటే నేనెట్టా అడ్డం చెప్తా? ఆడ షాపులో, పరాయోళ్ల ముందు." మళ్లీ తనే, "వంశీగాడు గొడవ చేసి కొత్తది ఇప్పిస్తాడేమో అనుకున్నా. మధ్యలో నువ్వొచ్చి పెద్దదే అంటివి. ఇంకేం చేస్తాం!" అన్నాడు.

"నా వంక చూశావు అప్పుడు."

"చూశానా?" గుర్తుచేసుకోబోయాడు, గుర్తురాలేదు. "ఏమో. అయినా నీకు ఈ ప్లే సంగతులేం తెలుసులే అని నేనేం అనలా. తెలవక అన్నావులే అని ఊరుకున్నా."

అతను ఓదార్పుగానే అన్నాడు. క్షమించినట్టు కూడా అన్నాడు.

ప్రసన్నలక్ష్మి మిషను బల్ల మీద పడ్డ ఇనప రజను బ్రష్షుతో ఊడ్చింది. మూలల్లోది, బోల్టుల సందుల్లోది, ఎక్కడా నలుసు మిగలకుండా. ఈ మిషను వాయిదాలు మూడేళ్లు. ఈ పావు చుట్టు మిషను ఉన్నంతకాలం. కోసిన షాఫ్టు విప్పి కింద పెట్టింది. చెయ్యి చాపి, అటు చూడకుండానే అంది.

"ఆ షాఫ్టు ఇటు అందివ్వు."

వీరాంజనేయులు ఎవరితో అంటోందా అని వెనక్కి తిరిగి చూశాడు. షెడ్డులో ఇంకెవరూ లేరు. తర్వాత వంగి, గోడవారన ఉన్న వాటిలో ఒకటి ఎత్తి పట్టుకున్నాడు.

"అది కాదు," అంది ప్రసన్నలక్ష్మి. "పొడుగుది."